జలపతి అడ్డుకడ్డీ

నాడె ఎగిరి వచ్చి ఖాళీ ఉయ్యాలలో పడింది.

ఎనభై తొమ్మిది ఎండాకాలం. సిరిసిల్లలో పరశురాములు కార్ఖానాలో ఎనిమిది సాంచలు నడుస్తున్నాయి. కరెంటుతో నడిచే మగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. నాడె దాని లోపల పేక దారాన్ని మోసుకుంటూ నిమిషానికి నూట ఇరవై సార్లకు పైగా ఇటూ అటూ పరుగెత్తే కర్ర పడవ. రెండు కొనలకూ ఇనుప ముక్కులు. పడుగులో పోగులు తెగి చిక్కుపడ్డాయంటే దాని దారి చెడుతుంది. దారి చెడిన నాడె రాయిలాగా బయటికి ఎగిరి, అడ్డం వచ్చినదాన్ని కొడుతుంది.

ఆ ఉయ్యాలను జలపతి ముందురోజే కట్టాడు. దూలానికి భార్య భాగ్య పాత చీర కట్టి, రెండుసార్లు తనే లాగి చూసి, మూడోసారి తన బరువంతా వేసి వేలాడి చూశాడు. భాగ్య అదే కార్ఖానాలో నాడెలో పెట్టే దారం కండెలు చుడుతుంది. కాన్పుకని కోరుట్లలో తల్లిగారింటికి పోయింది. ఇంకో పది పన్నెండు రోజుల్లో నాలుగు నెలల బిడ్డనెత్తుకుని పనిలోకి రావాలి. ఇంట్లో చూసుకునే పెద్దదిక్కు లేదు. తల్లి కండెలు చుడుతుంటే బిడ్డ ఉయ్యాలలో ఉండాలి.

జలపతి చీర మడతలోంచి నాడెను బయటికి తీశాడు. గుడ్డకు చిల్లు పడింది. ఆ చిల్లులో వేలు పెట్టాడు. వేలు అవతలికి వచ్చింది. బిడ్డ తల ఏ వైపున పెడదామని నిన్న అనుకున్నాడో, చిల్లు సరిగ్గా ఆ వైపునే ఉంది.

"నాడె ఎగురుడు కొత్తనా ర?" అన్నాడు పరశురాములు. కార్ఖానా ఆయనది. కులం వరసకు జలపతికి మామ అవుతాడు. "వారానికొకటి ఎగురుతనే ఉంటది."

"నా రెండు పండ్లు గీ సాంచకే ఇచ్చిన" అని పెదవి ఎత్తి చూపించాడు దేవదాస్. నాలుగు సాంచలు నడిపే నేతగాడు, కార్మిక సంఘం మనిషి. దవడ మీద తెల్లటి మచ్చ. "ఇంకా ముప్పై ఉన్నయి. ఫికర్ లేదు."

అందరూ నవ్వారు. జలపతి నవ్వలేదు. "మామా, గీ నాడె ఎగరకుంట చేసేదాక నా బిడ్డ గీ గడప తొక్కది" అన్నాడు.

"గట్లయితే భాగ్య జాగల ఇంకొకరిని పెట్టుకుంట" అన్నాడు పరశురాములు. కోపంగా అనలేదు. కండెలు లేకపోతే సాంచలు ఆగుతాయి. అంతే.

జలపతి కార్ఖానాలో సాంచల మేస్త్రీ. నాన్న చేమగ్గం నేసి నేసి వంగిపోయినవాడు. కొడుకు వంగకూడదని జగిత్యాలకు పంపి ఫిట్టర్ పని చదివించాడు. చిన్నప్పటినుంచీ జలపతికి ఒక జబ్బు ఉంది, ఏ వస్తువు దొరికినా విప్పడం. పెళ్లిలో అత్తగారు పెట్టిన గడియారాన్ని మూడో రోజునే విప్పాడు. మళ్లీ బిగించాడు, అది మునుపటికంటే బాగా నడిచింది కూడా. అయినా అత్త మొగిలవ్వ ఆ సంగతి ఈనాటికీ మరచిపోలేదు.

నాడెకు అడ్డం పెట్టడం కొత్త ఆలోచన కాదు. ఆ సాంచలు మహారాష్ట్రలోని భీవండి నుంచి సెకండ్‌హ్యాండులో వచ్చినవి. వచ్చినప్పుడు ప్రతి సాంచ ముందూ ఒక ఇనుప కడ్డీ అడ్డంగా ఉండేది. మొదటి వారంలోనే నేతగాళ్లు ఎనిమిదీ పీకేశారు. అవి ఇప్పటికీ మూలన తుప్పుపట్టి పడి ఉన్నాయి. వాటిని మళ్లీ బిగించేస్తే చాలు కదా అనుకుని జలపతి ఒకటి బిగించాడు. మధ్యాహ్నానికి అది మళ్లీ మూలకు చేరింది.

మరుసటి ఉదయం అతను జగిత్యాల బస్సెక్కాడు.

శశిధర్ రావు సారు అతనికి డ్రాయింగ్ నేర్పిన మనిషి. సొంతూరు మేడిపల్లి. అక్కడ వాళ్లకు చాలా భూమి ఉండేది. ఆ భూముల్లో అన్నలు, అంటే నక్సలైట్లు, ఎర్రజెండాలు పాతిన ఏడాది కుటుంబమంతా జగిత్యాలలో అద్దె ఇంటికి మారింది. జలపతి పోగానే అలవాటుకొద్దీ గడప పక్కన నేల మీద కూర్చున్నాడు.

"కుర్చీల కూసో" అన్నాడు సారు. "కింద కూసుంటే కాగితం ఎట్ల కనబడ్తది?"

జలపతి కుర్చీ అంచున కూర్చుని ఉయ్యాల సంగతంతా చెప్పాడు. "ఒక మంచి డ్రాయింగు గీసియ్యుండ్రి సార్. తయారు నేను చేసుకుంట."

"నేను గియ్యను" అన్నాడు సారు. "పాత కడ్డీలు ఎందుకు పీకిండ్రో ముందు చెప్పు."

"సోమరితనం సార్. ఎంత చెప్పినా వినరు."

"నువ్వన్నది సోమరితనమని. వాళ్లేమన్నరు?"

జలపతి ఆరేళ్లుగా ఆ కార్ఖానాలో పనిచేస్తూ ఒక్కరినీ అడగలేదు. సారు భార్య రమాదేవి చాయ్ తెచ్చి పెట్టింది. సారు లోపలికి పోయి సగం వాడిన నోటుబుక్కు ఒకటి తెచ్చాడు.

"ఎవ్వల కోసం చేస్తున్నవో వాళ్లనడుగు. వాళ్ల చేతులు చూడు. ఎడమ పేజీల ఏం చేసినవో రాయి, కుడి పేజీల ఏమైందో రాయి. ఒకసారికి ఒక్కటే మార్చు. రెండు మార్చినవంటే దేంతోని బాగైందో, దేంతోని ఖరాబైందో తెల్వది. ఖరాబైనప్పుడు కాగితం చింపొద్దు. గదే అసలు సరుకు."

తిరుగు బస్సులో జలపతికి కిటికీ బయట ఏమీ కనబడలేదు. ఒళ్లంతా చీమలు పాకుతున్నట్టుంది. చేయడం తెలియనప్పుడు కలిగే దిగులు కాదది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినప్పుడు కలిగే తొందర.

మర్నాడు పొద్దంతా అతను దేవదాస్ వెనక నిలబడి చేతులు లెక్కపెట్టాడు. కండె అయిపోయినప్పుడల్లా దేవదాస్ సాంచ ఆపి, నాడె తీసి, కొత్త కండె ఎక్కించి, మళ్లీ నడుపుతాడు. అంతలో పక్క సాంచ కండె అయిపోతుంది. దానికి తోడు తెగిన పోగులు. నాలుగు సాంచలు, పన్నెండు గంటలు, మొత్తం నాలుగు వందల ఎనభై సార్లు అతని చెయ్యి సాంచ ముందునుంచి లోపలికి పోయింది.

సాంచల చప్పుడులో మాట వినబడదు. చాయ్‌కి బయటికి వచ్చాక దేవదాస్ అడిగాడు. "ఏంది ర, పొద్దటిసంది నా చేతులు లెక్కపెడ్తున్నవ్? మామ పెట్టిండా నిన్ను నా మీద?"

"కాదన్నా. పాత కడ్డీ ఎందుకు పీకినవ్?"

దేవదాస్ రెండు చేతులూ ముందుకు చాపాడు. "గీ చేతిల కండె ఉంటది. గీ చేతిల నాడె ఉంటది. కడ్డీ దేంతోని లేపాలె? ముక్కుతోనా?"

జలపతి పగలబడి నవ్వాడు. నవ్వుతూనే నోటుబుక్కు తీసి రాశాడు: 'కడ్డీ కోసమని చెయ్యి ఒక్కసారి కూడా ఎక్కువ కదలకూడదు.' ఆరేళ్లు తను సోమరితనమనుకున్నది, రోజుకు నాలుగు వందల ఎనభై సార్లు కావలసొచ్చే, వాళ్లకు లేని మూడో చెయ్యి.

ఆ వాక్యం రాసుకున్నాక దారి సులువుగానే కనబడింది. సాంచ నడపడానికీ ఆపడానికీ ఒక హ్యాండిల్ ఉంది. దాన్ని ఎలాగూ తిప్పాల్సిందే. ఆ హ్యాండిల్‌కే కడ్డీని కలిపితే నడిపినప్పుడు దిగుతుంది, ఆపినప్పుడు లేస్తుంది. చేతికి కొత్త పని లేదు.

ముందుగా వెదురుతో చేశాడు. వెల్డింగు దుకాణం కొమురెల్లి ఇనుము ముట్టనన్నాడు. "పైపులు, స్ప్రింగులు ఎవ్వలకు చేస్తున్నవని ఠాణావోళ్లు అడిగిపోయిండ్రు. అన్నలకు తుపాకులు చేస్తున్ననేమోనని వాళ్ల అనుమానం. జర కొన్నిరోజులు ఆగు తమ్మీ." ఆగడానికి రోజులు లేవు. వెదురైతే ఎవరినీ అడగక్కరలేదు. విరిగితే ఇంకొకటి చీల్చుకోవచ్చు.

అది విరిగింది కూడా. సాంచలో నాడె పరుగెత్తే పలక ముందుకూ వెనక్కూ ఊగుతూ ఉంటుంది. కడ్డీ ఆ పలక మీద ఉండాలి. హ్యాండిల్ మాత్రం కదలకుండా ఒకచోటనే ఉంటుంది. రెంటినీ వెదురుబద్దతో కలిపి సాంచ నడిపితే మొదటి ఊపుకే బద్ద ఫట్టుమంది. కుడి పేజీలో రాశాడు: 'విరిగింది.'

బద్దకు బదులు సుతిలితాడు కట్టాడు. తాడు విరగదు. కానీ పలక దూరంగా పోయినప్పుడు బిగిసింది, దగ్గరికి వచ్చినప్పుడు వదులైంది. కడ్డీ కోడి గింజలు ఏరుకున్నట్టు టకటకా తల ఊపడం మొదలుపెట్టింది. దేవదాస్ తన సాంచలు వదిలిపెట్టి వచ్చి కడ్డీతోపాటు తలూపుతూ నిలబడ్డాడు. పరశురాములు కూడా నవ్వాపుకోలేకపోయాడు. కుడి పేజీలో: 'తల ఊపుతుంది. దూరం మారుతున్నా లాగుడు మారకూడదు. ఎట్లా?'

ఆ 'ఎట్లా' దగ్గర అతను మూడు రోజులు ఆగిపోయాడు. ఆదివారం బిడ్డను చూడటానికి కోరుట్ల పోయాడు.

మొగిలవ్వ అరుగు మీద చాట ముందేసుకుని బీడీలు చుడుతోంది. అల్లుణ్ని చూడగానే గోడ గడియారం వైపు ఓ చూపు చూసింది. లోపల భాగ్య బిడ్డను పండబెడుతోంది. పేరు రజిత. అప్పుడప్పుడే బోర్లా పడటం నేర్చింది. భాగ్య బిడ్డను గోడవైపు వేసి తను ఇటువైపు కూర్చుంది.

"గోడకు తగల్తదేమో" అన్నాడు జలపతి.

"తగిలితే గోడకే గదా తగల్తది. గీ దిక్కు ఏస్తే కింద పడ్తది" అంది భాగ్య. "ఏమైంది నీ కడ్డీ?"

అతను చెప్పాడు. కోడి సంగతి వచ్చేసరికి భాగ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బిడ్డ లేవకుండా నవ్వింది. తరవాత నవ్వు ఆపేసింది. "శుక్రారం నేనస్త. పరశురాములు మామ కబురంపిండు. ఆ దినం రాకుంటే వేరే ఆమెను పెట్టుకుంటడట."

"బిడ్డ?"

"బిడ్డను ఈడ ఇడిచి ఉంటనా? పాలు తాగే పిల్ల. నువ్వున్నవ్ గదా ఆడ, ఏదో ఒకటి చెయ్యి."

జలపతి బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూశాడు. వచ్చినప్పటినుంచి అది నాలుగోసారి. తల మీద మెత్తగా కొట్టుకుంటున్న చోటు కంటబడగానే కూర్చోలేక బయటికి వచ్చాడు.

బయట బీడీల ఠేకేదారు తన లూనా మోపెడ్ ఆపి మొగిలవ్వ కట్టలు తీసుకుంటున్నాడు. జలపతి ఊరికే ఆ లూనా ముందు బ్రేకు నొక్కాడు. చక్రం దగ్గర బ్రేకు బిగిసింది. హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు తిప్పి నొక్కాడు. అంతే బిగిసింది. కుడికి తిప్పి నొక్కాడు. అంతే. బండిని అణిచాడు, స్ప్రింగు దిగింది, నొక్కాడు. అంతే.

చక్రం కదులుతోంది, హ్యాండిల్ తిరుగుతోంది, దూరం మారుతూనే ఉంది, లాగుడు మాత్రం మారడం లేదు. ఎందుకంటే వైరు ఉత్తదిగా లేదు. నల్లటి గొట్టంలో ఉంది. గొట్టం ఎటు వంగినా దాని పొడవు దానికుంటుంది. లోపలి వైరు జరిగేది ఆ గొట్టంలోనే.

"ఏందయ్యా, నా లూనా కొంటవా?" అన్నాడు ఠేకేదారు.

"గొట్టం! గొట్టమున్నది దీనికి!" అని అరిచాడు జలపతి.

"ఎవ్వల లూనాకైనా ఉంటది" అన్నాడు ఆయన అయోమయంగా.

"అయ్యో, జర ఆయనను దాని దగ్గర్నుంచి గుంజుండ్రి" అంది మొగిలవ్వ. "ఇప్పుడే ఇప్పేస్తడు."

భాగ్య గుమ్మంలోకి వచ్చింది. "బిడ్డను చూడనీకె అచ్చినవా, లూనాను చూడనీకె అచ్చినవా?"

"ఇద్దరినీ" అన్నాడు జలపతి. నవ్వు ఆగడం లేదు.

కోరుట్లలోనే మూడు బ్రేకు వైర్లూ, ఆరు స్ప్రింగులూ కొని సంచిలో వేసుకుని సిరిసిల్ల బస్సెక్కాడు. అడవి మొదలయ్యే మలుపు దగ్గర పోలీసులు బస్సు ఆపారు. ఆ రోజుల్లో అది మామూలే. అందరినీ దించి సంచులు విప్పించారు. జలపతి సంచిలోంచి చుట్టచుట్టిన వైరు బయటికి వచ్చింది. తరవాత స్ప్రింగులు. కానిస్టేబుల్ చెయ్యి అక్కడే ఆగిపోయింది. మిగతా ప్రయాణికులు జలపతికి దూరంగా జరిగారు.

నోటుబుక్కు ఎస్సై చేతికి పోయింది. ఆయన పైకే చదివాడు. "నాలుగు వందల ఎనభై సార్లు. విరిగింది. తల ఊపుతుంది. శుక్రవారం లోపల పెట్టాలి." తలెత్తాడు. "ఎక్కడ పెట్టాలి? ఏం పెట్టాలి?"

"కడ్డీ సార్. సాంచకు."

"సాంచ అంటే?"

ఎస్సై ఆ ప్రాంతం వాడు కాదు. నోటితో చెప్పడం కంటే చేసి చూపడమే జలపతికి చేతనవును. కోరుట్లకు వెంట తీసుకుపోయిన చిన్న వెదురు నమూనాను సంచి అడుగునుంచి తీసి, వైరును దానికి తగిలించాడు. "మీరు గీడ పట్టుకోండ్రి సార్" అని వెదురును ఒక కానిస్టేబుల్ చేతికిచ్చి, వైరు రెండో కొనను తను పట్టుకున్నాడు. "ఇప్పుడు జర ముందుకు ఎనకకు ఊగుండ్రి. మీరు పలక."

కానిస్టేబుల్ ఎస్సై వైపు చూసి, సిగ్గుపడుతూ ఊగాడు. జలపతి వైరు లాగాడు. వెదురు కడ్డీ చక్కగా దిగింది. కానిస్టేబుల్ ఎంత ఊగినా అలాగే ఉండిపోయింది. తల ఊపలేదు.

"తలూపలే! చూసిండ్రా సార్? తలూపలే!" జలపతి తుపాకులున్నాయన్న సంగతే మరచిపోయి ఎగిరి గంతేశాడు. అది పనిచేయడం అతను చూడటం కూడా అదే మొదటిసారి.

ఎవరికని ఎస్సై అడిగాడు. బిడ్డకని చెప్పాడు. ఎన్నో నెల అని అడిగాడు. ఎస్సై నోటుబుక్కు ఇంకో రెండు పేజీలు తిరగేసి, ఉయ్యాల బొమ్మ దగ్గర కాసేపాగి, తిరిగి ఇచ్చేశాడు. జలపతి వైర్లూ స్ప్రింగులూ ఏరుకుని మళ్లీ బస్సెక్కాడు.

మంగళవారం అన్నలు బందుకు పిలుపిచ్చారు. దుకాణాలు మూసారు, బస్సులు లేవు, సాంచలన్నీ ఆగాయి. ఎప్పుడూ చెవులు పగిలే ఆ వాడలో పిచ్చుకల అరుపులు వినబడుతున్నాయి. జలపతికి అంతకంటే మంచిరోజు దొరకదు. పరశురాములు దగ్గర తాళంచెవి తీసుకుని, కార్ఖానా తలుపు లోపలినుంచి వేసుకుని, మూలనున్న పాత ఇనుప కడ్డీని ఒక సాంచకు తలుపు కీళ్లతో బిగించాడు. ఇనుప ముక్క కొత్తది ఒక్కటి లేదు, కొమురెల్లితో పని పడలేదు. హ్యాండిల్ తిప్పితే వైరు కడ్డీని కిందికి లాగుతుంది, చిన్న కొక్కెం దాన్ని పట్టి ఉంచుతుంది. ఆపితే కొక్కెం ఊడి స్ప్రింగు కడ్డీని పైకి లేపుతుంది.

సాంచ నడిపాడు. కడ్డీ దిగింది. ఆపాడు. లేచింది. నడిపాడు, ఆపాడు, నడిపాడు. యాభై వరకూ లెక్కపెట్టాడు. యాభైకి యాభై.

తలుపు మీద దబదబ బాదారు.

ఒక్క సాంచ చప్పుడు, బందు రోజున, వాడంతా వినబడుతుందన్న సంగతి అతనికి అప్పుడు తట్టింది. తలుపు తీస్తే దేవదాస్. ముఖం ఎర్రగా ఉంది.

"తలకాయ ఉన్నదా నీకు? బందు దినం సాంచ నడుపుతవా? ఎవ్వడన్న పోయి చెప్తే ఏమైతదో ఎరుకేనా?"

జలపతి దేవదాస్ చెయ్యి పట్టుకుని సాంచ దగ్గరికి తీసుకుపోయి, ఒక చేతిలో కండె, ఒక చేతిలో నాడె పెట్టి, హ్యాండిల్ తిప్పాడు. కడ్డీ దిగింది. ఆపాడు. లేచింది. దేవదాస్ తన రెండు చేతుల వైపు చూసుకున్నాడు. దవడ మీది మచ్చను ముంజేత్తో రుద్దుకున్నాడు.

"ఇంకొకసారి" అన్నాడు. తరవాత, "ఇగ ఆపు, చాలు. రేపు నా సాంచకు పెట్టు."

బుధవారం ఎనిమిది సాంచలూ నడుస్తుండగా దేవదాస్ సాంచ మీద కడ్డీ పావుగంట కూడా నిలవలేదు. సాంచ నడుస్తుండగానే కొక్కెం ఊడి కడ్డీ లేచిపోయింది. జలపతి బిగించాడు. మళ్లీ ఊడింది. చెయ్యి నేల మీద పెట్టి చూస్తే అప్పుడు అర్థమైంది. ఎనిమిది సాంచలు కలిసి కొడుతుంటే నేలే వణుకుతోంది. ఆ వణుకు కొక్కేన్ని కొంచెం కొంచెంగా జార్చుతోంది. బందు రోజున ఒక్క సాంచ మీద యాభైకి యాభై వచ్చిందని సంబరపడ్డాడు గానీ, కార్ఖానా ఏ రోజూ అలా ఉండదు.

దేవదాస్ కడ్డీ వైపు చూపించి, రెండు అరచేతులు కలిపి చెంప కింద పెట్టుకున్నాడు. నీ కడ్డీ పండుకున్నదని. ఆ కార్ఖానాలో ఎకసెక్కాలు కూడా సైగలతోనే.

సాయంత్రం దాకా కొక్కెం పెద్దది చేశాడు, వంచాడు, కింద రబ్బరు ముక్క పెట్టాడు. గట్టిగా బిగిస్తే ఆపినప్పుడు ఊడటం లేదు. వదులు చేస్తే నడుస్తుండగా ఊడిపోతోంది. గురువారం పొద్దున్న కుడి పేజీ తెరిచి చూశాడు. 'కొక్కెం జారితే కడ్డీ లేస్తుంది.' అదే వాక్యం ఐదుసార్లు రాసి ఉంది. ఇంకొక్కరోజు.

జారకుండా ఎలా చెయ్యాలి అని ఆలోచిస్తున్నాడు నిన్నటినుంచి. ఏదో ఒక రోజు జారుతుంది. వైరు తెగవచ్చు. స్ప్రింగు విరగవచ్చు. జారితే ఎటు పడాలి?

భాగ్య బిడ్డను గోడవైపే పండబెట్టింది. దొర్లేది ఎట్లాగూ దొర్లుతుంది. దొర్లితే గోడకు తగలాలి.

అతను కూర్చున్న చోటునుంచి ఒక్క ఉదుటున లేచాడు. తను మొత్తం తలకిందులుగా చేశాడు! స్ప్రింగు కడ్డీని పైకి లేపకూడదు. స్ప్రింగు పని ఎప్పుడూ కిందికి దించి ఉంచడమే. ఆపినప్పుడు హ్యాండిల్ వైరును లాగి పైకి లేపాలి. అప్పుడు కొక్కేనికి పనే లేదు. వైరు తెగినా, ఏం ఊడినా, కడ్డీ కిందనే ఉంటుంది. కొక్కేన్ని పీకి కిటికీలోంచి బయటికి విసిరేశాడు. స్ప్రింగు పైనుంచి కిందికి మార్చడానికి అరగంట పట్టింది. ఎనిమిది సాంచలు పొద్దంతా నడిచాయి. దేవదాస్ సాంచ మీద కడ్డీ లేవకూడని సమయంలో ఒక్కసారి కూడా లేవలేదు. పొద్దు గూకేలోగా మిగిలిన రెండు వైర్లతో మరో రెండు సాంచలకూ బిగించాడు.

శుక్రవారం మొదటి బస్సుకు భాగ్య దిగింది. భుజాన బిడ్డ, చంకన మూట. కార్ఖానా గడప బయటనే ఆగింది. "అయిందా?"

"అయింది. కానీ నాడె ఇంకా ఎగరలే" అన్నాడు జలపతి. "ఎగిరితేనే తెలుస్తది."

"ఎగిరేదాక ఈడ్నే నిలబడాల్నా?"

"ఎగరేస్త" అన్నాడు.

పడుగులో పది పోగులు కోసి ముడివేస్తే నాడె తప్పకుండా దారి తప్పుతుంది. అది విని పరశురాములు లబలబలాడాడు. "బట్ట ఖరాబైతది ర! మంచి పడుగు బీము, నిన్ననే ఎక్కించిన!"

"మూరెడు బట్ట మామా" అన్నాడు దేవదాస్. "నా పండ్లకంటె ఎక్కువనా?"

అందరినీ బయటికి పంపి జలపతి ముడివేసి హ్యాండిల్ తిప్పాడు. నాలుగు దెబ్బలు మామూలుగా పడ్డాయి. ఐదో దెబ్బకు నాడె లేచింది. ఠాంగుమని కడ్డీకి తగిలి, తిరిగి బట్ట మీద పడి దొర్లింది. సాంచ ఆగింది.

"ఇంకొకసారి" అన్నాడు గుమ్మంలోంచి దేవదాస్.

ఆరుసార్లకు ఆరూ కడ్డీకే తగిలాయి. ఏడోసారి నాడె పక్కగా ఎగిరి, కడ్డీ కొనకూ సాంచ అంచుకూ మధ్య సందులోంచి బయటికి వచ్చి గోడకు కొట్టుకుంది. బిడ్డ ఉలిక్కిపడి ఏడుపందుకుంది.

భాగ్య బిడ్డ వీపు నిమురుతూ లోపలికి వచ్చి, కడ్డీ కొన దగ్గర జాన పెట్టి కొలిచింది. "గీ దిక్కు జానెడు పొట్టిగున్నది గదా. ఎవ్వలూ చూసుకోలేదా?"

చూసుకోలేదు. భీవండిలో ఎవరో ఎప్పుడో కోసేసిన కడ్డీలవి. జలపతి ఇన్నిసార్లు వాటిని బిగించాడు గానీ పొడవు కొలవలేదు. నోటుబుక్కు తీసి రాశాడు. వెదురు గొట్టం తెచ్చి మూడు కడ్డీల కొనలకూ తొడిగి, తీగతో కట్టి, అంచు దాకా పొడిగించాడు. ఒకసారికి ఒక్కటే. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. పది. పదికి పది. భాగ్య ఇంకో పది చేయమంది. చేశాడు. తరవాత ఆమె బిడ్డను పరశురాములు చేతికిచ్చి, తనే హ్యాండిల్ తిప్పి, కడ్డీ దిగే చోట చెయ్యి పెట్టి వేళ్లు నలుగుతాయేమో చూసుకుంది. స్ప్రింగు మెత్తనిదే. నలగలేదు.

"మూడింటికే గదా ఉన్నది" అంది. "మిగిలిన ఐదింటికి పెట్టేదాక బిడ్డ గీ మూడు సాంచల దిక్కే ఉంటది. ఆ ఐదు నడిపేటోళ్లు గీ దిక్కు మొఖం పెట్టి నాడె ఎగరేస్తే ఊకోను, చెప్పుతున్న."

"రేపు జలపతి కోరుట్లకు పోయి ఐదు వైర్లు తెస్తడు తియ్యి" అన్నాడు పరశురాములు, బిడ్డ తన మీసం పట్టుకుని లాగుతుంటే తల వంచి.

సాంచలు మళ్లీ మొదలయ్యాయి. మూడు కడ్డీలున్న వైపు, గోడవారన కట్టిన ఉయ్యాలలో బిడ్డ నిద్రపోయింది. భాగ్య కండెల మిషను ముందు కూర్చుంది. జలపతి మాత్రం పని చేస్తున్నట్టు నటిస్తూ ఒక సాంచ వెనక నక్కి దేవదాస్‌నే చూస్తున్నాడు. నాడె ఆగడం ఒక ఎత్తు. పాత కడ్డీలు కూడా నాడెను ఆపినవే. వారం రోజులకు పీకేసి మూలకు వేస్తే ఎన్ని వైర్లు తెచ్చినా బిడ్డకు లాభం లేదు.

దేవదాస్ సాంచలో కండె అయిపోయింది. ఎడమచేత్తో హ్యాండిల్ తిప్పాడు. కడ్డీ లేచింది. నాడె తీశాడు, కొత్త కండె ఎక్కించాడు, లోపల పెట్టాడు, తిప్పాడు. కడ్డీ దిగింది. అంతసేపూ దేవదాస్ చూపు కడ్డీ మీద ఒక్కసారి కూడా పడలేదు. పక్క సాంచ కండె వైపు చూస్తూ, ఏదో కూనిరాగం పెదవులతో కదిలిస్తూ, అటు నడిచిపోయాడు.

చూడలేదు! చేతికి అడ్డం రాలేదు, ఇక పీకడు. జలపతి భాగ్య వైపు తిరిగి రెండు చేతులూ ఊపాడు. ఆ హోరులో ఏమీ వినబడదు. ఏమైందని ఆమె గడ్డం ఎత్తి అడిగింది. అతను దేవదాస్‌ను చూపించి, తన కళ్లు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ చేశాడు. మూడోసారికి ఆమె నవ్వేసి, పో, పని చేసుకో అని సైగ చేసి, కొత్త కండె ఎక్కించుకుంది.

జలపతి నోటుబుక్కు తెరిచి కుడి పేజీలో రాయసాగాడు.